సమానమని ఇచ్చిన కాగితం

మా కాలేజీ గేటు ముందర ఇరవై అడుగుల రాతి రాకెట్టు ఉంటుంది. ఆళ్లగడ్డలో చెక్కించి, లారీలో నంద్యాలకు తెచ్చి, క్రేనుతో నిలబెట్టారు. దేవుళ్ళ విగ్రహాలు చెక్కే ఆ శిల్పి "దీనికి ముఖం ఎటుపక్క వస్తాది సార్, తూర్పుకు తిప్పల్లనా?" అని అడిగాడట. ఆ మాట చెప్పుకుని మేము స్టాఫ్ రూములో ఏడాదిపాటు నవ్వుకున్నాం. పాపం, ఆయన తెలియనిది తెలియదని అడిగాడు. మేము తెలిసింది కూడా బయటికి చెప్పకుండా జీతాలు తీసుకుంటున్నాం. ఎవరిని చూసి ఎవరు నవ్వాలో ఇప్పుడు తెలుస్తోంది.

నా పేరు ఇందుమతి. ఊరు ఆళ్లగడ్డ. రాకెట్ల చదువు, అంటే ఏరోస్పేస్ ఇంజనీరింగు, మద్రాసు పక్కన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చదివాను. చదువు అయిపోయాక, దేశం కోసం రాకెట్లు చేసే సంస్థ ఉద్యోగాలకు పిలిస్తే, పొద్దున్నే తలస్నానం చేసి దరఖాస్తు నింపడానికి కూర్చున్నాను. బ్రాంచి ఏదో ఎంచుకోమంది. మూడే ఉన్నాయి: మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్. నాది లేదు. పేజీ సరిగ్గా తెరుచుకోలేదేమో అనుకుని నాలుగుసార్లు మూసి తెరిచాను. తెరుచుకోవడంలో లోపమేమీ లేదు. నాలుగేళ్ళు రాకెట్టు గురించే చదివినదానికి ఆ జాబితాలో చోటు లేదు, అంతే. అప్పటికి అమ్మ ఊళ్ళో సగంమందికి చెప్పేసింది కూడా.

ఎం.టెక్ చేస్తే వేరే నోటిఫికేషన్లలో మావాళ్ళకూ చోటుంటుందని తెలుసు. దానికి గేట్ పరీక్షకు ఒక ఏడాది కూర్చోవాలి. నాకు ఓపిక లేకపోయింది. నంద్యాల బైపాసు అవతల కొత్త కాలేజీలో ఏరోస్పేస్ బ్రాంచి పెడుతున్నారంటే పోయి లెక్చరరుగా చేరిపోయాను. నాకు పనికిరాని చదువును ఇంకొకరికి చెప్పే ఉద్యోగం అన్నమాట. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

కాలేజీ కరస్పాండెంటు గురుప్రసాద్ గారిది బియ్యం మిల్లుల కుటుంబం. మనిషి చెడ్డవాడు కాదు. చదువును కూడా బస్తాల్లో కొలుస్తాడు, అంతే. నేను చేరిన కొత్తలో పిల్లల్ని ఒక రాకెట్ కేంద్రం చూపించడానికి తీసుకుపోతే, అక్కడ సందర్శకులకు ఇచ్చే తెల్ల కోటు, తెల్ల టోపీ పెట్టుకుని ఫొటో దిగాను. వారం తిరిగేసరికి ఆ ఫొటో నంద్యాల బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ ఎక్కింది. కింద "అంతరిక్ష శాస్త్రవేత్త ఇందుమతి గారి పర్యవేక్షణలో" అని రాయించారు.

"సార్, నేను శాస్త్రవేత్తను కాను" అన్నాను.

"కోటు ఏసుకున్నావు గదమ్మా" అన్నాడాయన. "ఆ కోటు మేము కుట్టించినామా?"

అప్పుడే నోరు పెద్దది చేసి ఉండవలసింది. చేయలేదు. నిజం చెప్పొద్దూ, బస్సు దిగినప్పుడల్లా నా ముఖం అంత పెద్దగా కనబడుతుంటే లోపల ఎక్కడో బాగానే ఉండేది.

వేసవి వచ్చిందంటే మా లెక్చరర్లందరికీ పల్లెల మీద పడి తిరిగే పని. మనిషికి అయిదు అడ్మిషన్లు తేవాలి. తేలేనివాళ్ళను మరుసటి ఏడాది ఉంచుకోరు. ఎంసెట్ ర్యాంకులు వచ్చిన వారం కాలేజీ జీపు ఎక్కి, ఇంటర్ పాసైన పిల్లలున్న ఇళ్ళు వెతుక్కుంటూ పోతాం. పెళ్ళిచూపులకు పోయినట్టే ఉంటుంది. మజ్జిగ ఇస్తారు, కూర్చోబెడతారు, పిల్లను పిలుస్తారు.

అయిదేళ్ళ కిందట అలా పోయిందే నారాయణ అనే రైతు ఇంటికి. ఆళ్లగడ్డ దాటి అహోబిలం దారిలో ఆరేడు మైళ్ళు పోతే ఒక పల్లె. వసారాలో పసుపు బస్తాలు, ఒక మంచం. నారాయణ నన్ను చూస్తూనే లేచి నిలబడ్డాడు. ఫ్లెక్సీలో చూశాడట.

"మా ఆళ్లగడ్డ పిల్లవే గదమ్మా నువ్వు! బస్టాండుకాడ సూసినప్పుడల్లా మా పాపకు సూపిస్తా. సూడు, మన పక్కూరామె యాడికి పోయిందో అని."

ఆయన కూతురు భవాని తలుపు పక్కన నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంది. చేతిలో ర్యాంకు కాగితం. ఆ ర్యాంకుకు అనంతపురంలో సర్కారు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ సీటు ఖాయంగా వస్తుంది. ఆ పిల్ల డొంకతిరుగుడు లేకుండా అడిగింది.

"మేడమ్, రాకెట్లు చేసేకాడ ఉద్యోగం రావల్లంటే ఎలక్ట్రానిక్స్ తీసుకోవల్లనా, మీ కోర్సు తీసుకోవల్లనా?"

నాకు జవాబు తెలుసు. ఆ మూడు బ్రాంచీల జాబితా నాకు కంఠతా వచ్చు. ఎలక్ట్రానిక్స్ అని ఒక్క మాట అంటే ఆ పిల్ల దారి ఆ పిల్లది. కానీ అప్పటికి నాకు నాలుగు అడ్మిషన్లే అయ్యాయి. జీపులో గురుప్రసాద్ గారి మనిషి కూర్చుని ఉన్నాడు.

"రాకెట్లు చెయ్యాలంటే రాకెట్ల చదువే కదమ్మా చదవాలి" అన్నాను.

వినేవాళ్ళకు ఎంత న్యాయంగా ఉందో చూడండి ఆ మాట. నారాయణ తొడ మీద చరుచుకుని "అదీ మాట!" అన్నాడు. అట్లా అయిదోది అయ్యింది.

ఆ పిల్ల మొద్దు అయివుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. మొదటి ఏడు సగం గడిచేసరికే నేను బోర్డు మీద కక్ష్యల లెక్క చేస్తుంటే వెనక బెంచీ నుంచి "మేడమ్, ఆడ మైనస్ రావల్ల" అనేది. రావాలి, నిజమే. మా ల్యాబులో గాలి సొరంగం పేరుతో ఒక రేకు పెట్టె, దానికి వంటింటి ఎగ్జాస్టు ఫ్యాను ఉండేవి. అది తిరిగితే రొద తప్ప ఏమీ తెలిసేది కాదు. భవాని దానికి లోపల వరుసగా ఊలు దారాలు అంటించి, గాలి ఎక్కడ సాఫీగా పోతోందో, ఎక్కడ సుడి తిరుగుతోందో అందరికీ కనబడేట్టు చేసింది. నేను నాలుగేళ్ళు చదివి కంటితో చూడనిది ఆ రేకు పెట్టెలో చూశాను. ఆ రోజు నాకు సంతోషం వేసింది. వెంటనే భయమూ వేసింది.

రెండో ఏడు చివర్లో ఒక మధ్యాహ్నం ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పాత నోటిఫికేషన్ ఎక్కడో దొరికినట్టుంది.

"మేడమ్, దీంట్లో మూడే బ్రాంచీలు ఉండాయి. మనది యాడుంది?"

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. అరవలేను, ఊరుకోలేను. "అది పాతదమ్మా. మీరు బయటికి వచ్చేనాటికి కలుపుతారు. కలపకపోయినా మెకానికల్‌తో సమానమని కాలేజీ కాగితం ఇస్తుంది" అన్నాను. సమానం అన్న మాట ఆ క్షణాన నా నోట్లో పుట్టింది. అంతకుముందు ఎవరూ అనలేదు, ఎక్కడా రాసిలేదు. ఆ పిల్ల నా ముఖం కాసేపు చూసి "సరే మేడమ్" అని పోయింది. అప్పటికి వేరే కాలేజీకి మారే గడువు కూడా దాటిపోయింది. నిజం చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఎవరికి లాభమో మాత్రం ఆలోచించలేదు.

చివరి ఏడు నోటిఫికేషన్ వచ్చింది. మూడే బ్రాంచీలు. భవాని ఏమీ అడగకుండా వచ్చి నా బల్ల ముందు నిలబడింది. నేను గురుప్రసాద్ గారి గదిలోకి పోయాను.

"రాసియ్యమ్మా, పోయేదేముండాది" అన్నాడాయన. "పిల్లకు వచ్చిందంటే మన కాలేజీకి పేరు. ముద్ర మటుకు గట్టిగా కొట్టించు."

కాగితం టైపు చేసింది నేనే. "ఏరోస్పేస్ ఇంజనీరింగు కోర్సు మెకానికల్ ఇంజనీరింగు కోర్సుకు అన్ని విధాలా సమానమని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది." ప్రిన్సిపాల్ చదవకుండానే సంతకం పెట్టాడు. గుండ్రటి ముద్ర ఒకటి, పొడుగు ముద్ర ఒకటి పడ్డాయి. తిలా పాపం తలా పిడికెడు. కాకపోతే నా పిడికిలి కాస్త పెద్దది.

భవాని దరఖాస్తులో మెకానికల్ అని ఎంచుకుంది. మెకానికల్ పుస్తకాలు తెచ్చుకుని ఆరు నెలల్లో నాలుగేళ్ళ చదువు చదివింది. హైదరాబాదు పోయి పరీక్ష రాసింది. పాసైంది. ఇంటర్వ్యూకు పిలిచారు.

ఆ పల్లెలో ఫ్లెక్సీ లేచింది. నారాయణ, భవాని, వెనక ఎగిరే రాకెట్టు, మూలన గుండ్రంగా నా ముఖం. కాలేజీ కూడా ఒకటి కట్టించింది. ఉద్యోగం వచ్చినట్టే రాశారు రెండింటిలోనూ. మా పక్క ఇంతే. పైరు పొట్టకు రాకముందే గాదెకు తలుపులు పెడతాం.

బెంగుళూరులో ఇంటర్వ్యూ. తండ్రీకూతుళ్ళు కలిసి పోయారు. నారాయణను గేటు బయట చెట్టు కింద కూర్చోమన్నారు. భవాని లోపలికి పోయి అరగంటలో బయటికి వచ్చేసింది.

లోపల ఏమయిందో నాకు ఫోనులో చెప్పింది. ఇంటర్వ్యూ గదిదాకా పోనేలేదు. సర్టిఫికెట్లు చూసే బల్ల దగ్గర ఒక పెద్దాయన కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, దీన్ని ఎవరు ఇచ్చారని అడిగాడట. కాలేజీ ఇచ్చిందని చెప్పింది. "కాలేజీ కాగితంతో బ్రాంచి మారదమ్మా. నోటిఫికేషన్‌లో తేటగా రాసి ఉంది. నువ్వు దరఖాస్తే పెట్టకూడదు" అన్నాడట. మర్యాదగానే అన్నాడు. కూర్చోబెట్టి మంచినీళ్ళు కూడా ఇప్పించాడు.

"ఆయప్ప తప్పు ఏం లేదు మేడమ్" అంది భవాని. ఇంకేమీ అనలేదు. నా తప్పు అని అంటే నేను ఏడ్చేదాన్ని, పనైపోయేది. ఆ వీలు కూడా ఇవ్వలేదు.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. నారాయణ తన లెక్క తాను వేసుకున్నాడు. రెండు ముద్రలున్న కాగితం తప్పు కావడానికి లేదు. ఫ్లెక్సీ ఎక్కిన మేడమ్ అబద్ధం చెప్పడానికి లేదు. కాబట్టి అరగంటలో బయటికి పంపారంటే పిల్లకే నోరు పెగల్లేదు. బ్రాంచి లేదు అనేది తప్పించుకోవడానికి కట్టిన కత. ఊళ్ళో నలుగురూ అదే అన్నారు. ఆయన కూతురితో మాట్లాడటం మానేశాడు.

రెండు వారాల తర్వాత భవాని మళ్ళీ ఫోను చేసింది.

"మేడమ్, నేను గేట్ రాసి ఎం.టెక్‌కు పోతా. ఒక్క ఏడాది ఇంట్లో కూసోని సదువుకోనిస్తే సాలు. మా నాయన ఒప్పుకోల్యా. నోరు తెరవలేనిదానికి ఇంగా సదువెందుకు, నంద్యాలలో బ్యాంకు కోచింగులో ఏస్తా అంటాండాడు. నేను చెప్తే నమ్మడు. మీరు వచ్చి చెప్పండి. నేను ఇంటర్వ్యూలో పోగొట్టలేదని, ఆ కోర్సుకు ఆడ మొదులే చోటు లేదని చెప్పండి. మీరు చెప్తే నమ్ముతాడు."

వస్తానన్నాను. పోలేదు. నిజం చెబితే గురుప్రసాద్ గారి చెవిన పడుతుంది. సరిగ్గా అడ్మిషన్ల కాలం. ఆ పిల్ల మూడుసార్లు ఫోను చేసింది. నాలుగోసారి చేయలేదు. చేయకపోవడం నాకు నిద్ర పట్టనివ్వలేదు. చివరికి ఒక ఆదివారం పొద్దున, ఉద్యోగం పోతే పోనీ అనుకుని నంద్యాలలో బస్సెక్కాను. ఆళ్లగడ్డలో దిగి మా ఇంటికి కూడా పోకుండా ఆటో మాట్లాడుకున్నాను. ఏం చెప్పాలో దారి పొడుగునా మాట మాటా కూడబెట్టుకున్నాను. మెత్తగా చెప్పకూడదు, మొహం మీద చెప్పేయాలి అనుకున్నాను.

నేను వస్తున్నానని ముందురోజే భవానికి ఫోనులో చెప్పాను. ఆ పిల్ల తండ్రికి చెప్పింది. తీరా పోయి చూస్తే వసారాలో పదిమంది ఉన్నారు. చాప పరిచి, ఇంటర్ పాసైన నలుగురు పిల్లల్ని, వాళ్ళ అమ్మానాన్నల్ని కూర్చోబెట్టాడు నారాయణ.

"రామ్మా రా. మా పాప నీ పేరు నిలబెట్టల్యా, నాకు శానా సిగ్గుగా ఉండాది. అందుకే నీకు అయిదు మంది కావల్లంట గదా, నలుగుర్ని నేనే సూసినా" అన్నాడు.

భవాని వంటింటి గడపలో నిలబడి నా వైపే చూస్తోంది. ఈ మధ్య తిండి సరిగా తినడం లేదని తెలుస్తూనే ఉంది. ఆ చూపులో ఇంకా ఆశ ఉంది. ఆ ఆశ చూశాకే నాకు ధైర్యం వచ్చింది. కూర్చోకుండానే మొదలుపెట్టాను.

"అన్నా, అందరూ వినండి. మీ పాప ఇంటర్వ్యూలో పోగొట్టలేదు. దాన్ని ఇంటర్వ్యూకే పోనివ్వలేదు. మా కోర్సు చదివినవాళ్ళకు ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే అర్హత లేదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. అయిదేళ్ళ కిందట ఇదే వసారాలో అది అడిగితే నేను అబద్ధం చెప్పినా. ఆ కాగితం కూడా నేనే టైపు చేసినా. అది చెల్లదు. తప్పంతా నాది."

హమ్మయ్య, చెప్పేశాను అనుకున్నాను. నారాయణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నన్ను తిడతాడని, కొట్టినా కొడతాడని కాచుకున్నాను. నాకు కావలసిందీ అదే.

"సూసినారా అప్పా" అన్నాడు చాప మీదివాళ్ళ వైపు తిరిగి. "సదువు చెప్పేవాళ్ళంటే ఇట్ల ఉండల్ల. మా పిల్ల పరువు పోతాదని తప్పు తన నెత్తిన ఏసుకుంటాంది మారాజుబిడ్డ!"

"కాదన్నా! నేను నిజంగానే..."

"తెల్సులేమ్మా. నాకు తెల్దా?"

"అబద్ధం చెప్పినానంటే వినవేందన్నా! మీ పాపకు ఎలక్ట్రానిక్స్ సీటు వచ్చేది. నా ఉద్యోగం కోసం పాడు చేసినా!" గొంతు చించుకుని అరిచాను. అరిచేకొద్దీ ఏడుపొచ్చింది. నేను ఏడ్చేకొద్దీ వాళ్ళకు నమ్మకం పెరిగింది. కమలాక్షమ్మ అని ఒక ముసలామె, మనవరాలి కోసం వచ్చినట్టుంది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ "కన్నతల్లి గూడా ఇంత ఏడ్చదు. మా పాపను ఈమె చేతుల్లోనే పెట్టండిరా" అంది. మిగతావాళ్ళు తలలూపారు. ఒకాయన కూతురి మార్కుల కాగితాలు తీసి నా వెనక మంచం మీద పెట్టాడు.

తప్పు ఒప్పుకుంటే మనిషిని తప్పుచేసినవాడిగా చూస్తారనుకున్నాను. మా ఊళ్ళలో పెద్దవాళ్ళు తప్పు తమ మీద వేసుకుంటే అది పెద్దరికం. పంచాయితీల్లో అలాగే సర్దుతారు, పెళ్ళి మాటల్లో అలాగే సర్దుతారు. ఈ ఊరి పక్కన పుట్టి పెరిగినదాన్ని, ఆ సంగతి నాకు తట్టలేదు చూడండి. ఒక్క నారాయణను పక్కకు పిలిచి చెప్పినా నమ్మేవాడేమో. పదిమంది ముందర చెప్పి నా నిజాన్ని నేనే మంచితనం చేసేశాను.

"మేడమ్ ఇంత చెప్పినాక ఇంగ నేను పాపను ఒక్క మాట అనను" అన్నాడు నారాయణ. గొంతు మెత్తబడింది. "అయిందేదో అయింది. దానికి చేతగాని ఆ రాకెట్ల మాట ఇంగ వద్దు. రేపే నంద్యాలకు తీసకపోయి బ్యాంకు కోచింగులో చేరుస్తా. భవానీ, ఇట్ల రా."

భవాని వచ్చింది.

"నీ కోసం ఎంత పెద్దామె తల దించుకుందో సూడు. కాళ్ళకు మొక్కు."

"వద్దు" అన్నాను. వెనక్కి జరగబోతే మంచం అడ్డమొచ్చింది.

భవాని తండ్రి ముఖం చూసింది. చాప మీద పదిమందినీ చూసింది. తర్వాత వంగి రెండు చేతులతో నా పాదాలు పట్టుకుంది. అంట్లు తోముతూ వచ్చినట్టుంది, చేతులు తడిగా ఉన్నాయి. తల ఎత్తకుండానే, నాకొక్కదానికే వినబడేట్టు అడిగింది.

"ఇంగ మా నాయనకు ఎవురు చెప్తే నమ్ముతాడు మేడమ్?"